‘బిలిటిల్’ అనే ఇంగ్లీషు క్రియను సరిగ్గా వాడటం ఎలా?

బెంగళూరులోని మారతహళ్ళిలో, ఒక ఆంధ్రా మెస్సుకు పై అంతస్తులో ఉన్న గదిలో, నేను ఆదివారాలు కొందరు తెలుగు ఉద్యోగులకు ఇంగ్లీషు చెబుతుంటాను. అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ పని చేస్తున్న అమ్మాయి ఒకసారి తన మెయిల్ ఒకటి తెచ్చి చూపించింది. మూడు వారాలు రాత్రీ పగలూ కూర్చుని ఆమె పట్టుకున్న లోపాల జాబితాను మీటింగులో చూపిస్తుంటే, టీమ్ లీడ్ నవ్వుతూ ‘ఇట్స్ జస్ట్ టెస్టింగ్, ఎనీవన్ కెన్ డూ ఇట్’ అని తరువాతి విషయానికి వెళ్ళిపోయాడట. ఆమె మేనేజరుకు ‘హి ఇన్సల్టెడ్ మీ’ అని రాసింది. ఆయన ఏ మాట అన్నాడో, ఏమని తిట్టాడో చెప్పమని మేనేజరు తిరిగి అడిగాడు. చూపించడానికి తిట్టంటూ ఏదీ లేదు. “సార్, ఆయప్ప నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు, అదీ నిజమే. మరి నాకెందుకు ఇంత కడుపు మండుతాంది?” అని అడిగింది.

ఆమెకు జరిగినదానికి ఇంగ్లీషులో సరైన క్రియ ‘బిలిటిల్’ (belittle), అంటే తక్కువ చేసి చూపడం. ఈ క్రియను ఎలా గుర్తుపట్టాలో, తెలుగులో ఏ మాటతో సరిపోల్చుకోవాలో, వాక్యంలో ఎలా పెట్టాలో, ఆఫీసు ఉత్తరంలో ఎంత జాగ్రత్తగా వాడాలో ఒక్కొక్క మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: మాటను విడదీసి చూడండి

‘బిలిటిల్’ ఒకే మాట. దీనిని రెండుగా విడగొట్టి ‘బి లిటిల్’ అని రాస్తే ‘చిన్నగా ఉండు’ అని అర్థం వస్తుంది కనుక, రాసేటప్పుడు మధ్యలో ఖాళీ వదలకండి. ముందున్న ‘బి’ ఇక్కడ ‘ఉండు’ అనే క్రియ కాదు, ఒక ఉపసర్గ. నామవాచకానికో విశేషణానికో ముందు చేరి దానిని క్రియగా మార్చడం ఈ ఉపసర్గ చేసే పనుల్లో ఒకటి. ‘ఫ్రెండ్’కు ముందు చేరి ‘బిఫ్రెండ్’ అయితే స్నేహం చేసుకోవడం అవుతుంది. అదే పద్ధతిలో ‘లిటిల్’కు ముందు చేరితే చిన్నది చేయడం అవుతుంది. అయితే నిజంగా చిన్నది చేయడం కాదు, మాటతోనో చూపుతోనో చిన్నదిగా కనబడేలా చేయడం. స్పెల్లింగులో ‘టి’ రెండుసార్లు వస్తుంది. ‘ఇంగ్’ చేర్చినప్పుడు చివరి ‘ఇ’ పోతుంది. పలికేటప్పుడు మొదటి అక్షరాన్ని సాగదీసి ‘బీలిటిల్’ అనకుండా, మధ్యనున్న ‘లి’ మీద ఊనిక వేయండి. అమెరికా వాళ్ళ నోట ఆ ‘ట’ మెత్తబడి ‘బిలిడిల్’ లాగా వినిపిస్తుంది. క్లయింటు కాల్‌లో అలా వినబడితే అది వేరే మాట అనుకోకండి.

ఈ మాట పుట్టుక తెలిస్తే అర్థం మరచిపోవడం కష్టం, కాబట్టి కొంచెం పక్కకు వెళ్తాను. దీనిని అచ్చులో వాడిన తొలివారిగా నిఘంటుకర్తలు చెప్పే వ్యక్తి థామస్ జెఫర్సన్, తరువాతి కాలంలో అమెరికాకు అధ్యక్షుడైన ఆయనే. ఫ్రాన్సుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త బుఫోన్, అమెరికా ఖండపు చలికీ తేమకూ అక్కడి జంతువులు పాత ఖండాల జంతువుల కంటే చిన్నవిగా తయారవుతాయని రాశాడు. తన సొంత రాష్ట్రమైన వర్జీనియా గురించి 1780లలో రాసిన పుస్తకంలో జెఫర్సన్ దానికి జవాబు చెబుతూ, అట్లాంటిక్‌కు ఇవతల ప్రకృతి తన సృష్టిని చిన్నది చేస్తుందనే ఈ వాదం అని చెప్పవలసిన చోట ‘బిలిటిల్’ అనే మాట వాడాడు. రెండు ఖండాల జంతువుల బరువులను పక్కపక్కన పట్టికలుగా వేసి చూపించాడు. అంతటితో ఊరుకోక, 1787లో అమెరికా నుంచి మూస్ అనే పెద్ద దుప్పి ఎముకలనూ చర్మాన్నీ తెప్పించి బుఫోన్‌కు పంపించాడు. అదే ఏడు లండన్‌లో ఆ పుస్తకం అచ్చయినప్పుడు, ఇంగ్లీషులో లేని మాటను ఈ అమెరికా ఆయన కల్పించాడని అక్కడి పత్రిక ఒకటి ఆక్షేపించింది. అంటే, ఒక దేశపు జంతువులు చిన్నవని తేల్చేసే వాదాన్ని ఎదిరించడానికి వచ్చిన మాటను కూడా పుట్టిన రోజుల్లోనే చిన్నచూపు చూశారు.

ఈ కథలో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. మూస్ చిన్న జంతువు కాదు. ఉన్న పరిమాణాన్ని లేనట్టుగా చెప్పడమే తగవుకు కారణమైంది. ‘బిలిటిల్’ వాడాలంటే ముందుగా అక్కడ పరిమాణమో విలువో ఉన్న వస్తువు ఒకటి ఉండాలి.

రెండవ మెట్టు: ఏది చిన్నదయిందో వెతకండి

ఎవరైనా మిమ్మల్ని నొప్పించినప్పుడు, ఏ క్రియ వాడాలా అని ఆలోచించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ విలువ ఉన్నది ఏమిటి? దానిని ఏ మాట తగ్గించింది? ఆ రెండింటికీ జవాబు దొరికితే మీకు కావలసింది ‘బిలిటిల్’. దొరకకపోతే వేరే క్రియ చూసుకోవలసిందే.

మా విద్యార్థిని విషయంలో విలువ ఉన్నది మూడు వారాల పని. దానిని తగ్గించినది ‘జస్ట్’ అనే చిన్న మాట, దాని వెనకాలే వచ్చిన ‘ఎవరైనా చేస్తారు’ అనే ముక్క. ఇంగ్లీషులో చిన్నచూపు చాలాసార్లు ఇటువంటి చిన్న మాటల్లోనే దాక్కుంటుంది. ‘జస్ట్’, ‘ఓన్లీ’, ‘మియర్లీ’ కనబడితే ఆగి చూడండి. తెలుగులోనూ ఇంతే. ‘ఆ మాత్రం ఎవరైనా చేస్తారు’, ‘అందులో పెద్ద గొప్పేముంది’, ‘ఏదో ర్యాంకు వచ్చిందట లే’ అనేవాటిలో ఒక్క తిట్టూ లేదు. చివరి వాక్యంలోని ‘ఏదో’, ‘అట’, ‘లే’ మూడూ తీసేస్తే అది మామూలు వార్త. ఆ మూడు మాటలే ర్యాంకును పూచికపుల్లను చేశాయి.

మూడవ మెట్టు: తెలుగులో సరైన జోడీని ఎంచుకోండి

దీనికి తెలుగులో ఒకే మాట వెతికితే దొరకదు, సందర్భాన్ని బట్టి మారుతుంది. రాతలో, ముఖ్యంగా పత్రికా భాషలో, ‘కించపరచు’ బాగా సరిపోతుంది. మాటల్లో ‘తక్కువ చేసి మాట్లాడు’, ‘చులకన చేయు’, ‘తేలిక చేయు’, ‘తీసిపారేయు’ వాడతాము. వీటిని గమనిస్తే నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే విషయం ఒకటి కనబడుతుంది. ఇంగ్లీషు మాట మనిషిని కొలతతో తగ్గిస్తే, తెలుగు బరువుతో తగ్గిస్తుంది. చులకన అంటే తేలికదనమే. ‘గౌరవం’ అనే మాటకు మూలమైన ‘గురు’ శబ్దానికి సంస్కృతంలో ‘బరువైన’ అనే అర్థం ఉంది. ఒకరిని గౌరవించడమంటే వారి బరువును ఒప్పుకోవడం, చులకన చేయడమంటే తూకంలో కొట్టేయడం. కాబట్టి ‘బిలిటిల్’ను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘చిన్న’ అనే మాటను పట్టుకుని వేలాడనక్కరలేదు.

పట్టుకుని వేలాడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మన వాళ్ళు ఎక్కువగా పడే గుంట ‘చిన్నబుచ్చు’ అనే మాట దగ్గర ఉంది. ‘నలుగురిలో నన్ను చిన్నబుచ్చాడు’ అన్నప్పుడు అది ‘బిలిటిల్’కు దగ్గరగానే ఉంటుంది. కానీ దానికి ‘కొను’ చేరి ‘చిన్నబుచ్చుకున్నాడు’ అయ్యేసరికి అర్థం పూర్తిగా తిరిగిపోతుంది. పెళ్ళికి పిలవలేదని బావగారు చిన్నబుచ్చుకున్నారంటే, ఆయన మనసు నొచ్చుకున్నదని అర్థం. దీనిని ‘హి బిలిటిల్డ్ హిమ్‌సెల్ఫ్’ అని రాస్తే, బావగారు తన గొప్పతనాన్ని తానే తగ్గించుకుని మాట్లాడారని ఇంగ్లీషు పాఠకుడు అనుకుంటాడు. బావగారి సంగతి తెలిసినవారెవరూ దానిని నమ్మరు. ఇక్కడ రాయవలసింది ‘హి ఫెల్ట్ స్లైటెడ్’ లేదా ‘హి ఫెల్ట్ హర్ట్’. అలాగే ‘ముఖం చిన్నబోయింది’ అన్నచోట కూడా ‘బిలిటిల్’కు పని లేదు. ‘ధర కొంచెం తక్కువ చేయండి’ అనే మాటకు ఈ క్రియ పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు గానీ, ఒకసారి ఆ వాక్యం కూడా నా దగ్గరికి వచ్చింది.

బెంగళూరులో ఉంటున్నారు కనుక కన్నడ మిత్రుడికి ఈ మాట వివరించవలసి వస్తే ‘హీయాళిసు’ అని చెప్పి చూడండి. అందులో ఎగతాళి పాలు కొంచెం ఎక్కువ ఉన్నా, విషయం అందుతుంది.

నాల్గవ మెట్టు: వాక్యంలో కర్మను నేరుగా పెట్టండి

‘బిలిటిల్’ సకర్మక క్రియ. దాని వెంటనే, మధ్యలో ఏ విభక్తి మాటా లేకుండా, తగ్గించబడిన మనిషో వస్తువో రావాలి. మనం తెలుగులో ‘నా గురించి తక్కువ చేసి మాట్లాడాడు’ అనుకుని, ఆ ‘గురించి’ని మోసుకొచ్చి ‘హి బిలిటిల్డ్ అబౌట్ మీ’ అని రాస్తాము. ఆ ‘అబౌట్’ తీసేయండి. ‘నన్ను’ అనే మాటకు బదులు ‘నాకు’ అనుకుని ‘బిలిటిల్డ్ టు మీ’ అనేవారూ ఉన్నారు, అదీ తప్పే. ‘నా పని చిన్నదని తక్కువ చేశాడు’ అనుకుని క్రియ తరువాత ‘దట్’తో ఉపవాక్యం పెట్టడం మరో పొరపాటు. ఈ క్రియ ఉపవాక్యాన్ని మోయదు. ‘హి బిలిటిల్డ్ మై వర్క్’ అని అక్కడికి ఆపండి. ఏమన్నాడో కూడా చెప్పదలచుకుంటే ‘బై’ చేర్చి, ‘బై కాలింగ్ ఇట్ జస్ట్ టెస్టింగ్’ అని కొనసాగించండి. కర్మ లేకుండా ‘హి ఆల్వేస్ బిలిటిల్స్’ అని వదిలేస్తే, ఎవరిని అనే ప్రశ్న వినేవాడి మనసులో మిగిలిపోతుంది.

కర్మగా మనిషిని పెట్టవచ్చు, కానీ మనిషికి చెందినదాన్ని పెడితే వాక్యం మరింత పదునుగా ఉంటుంది. ‘ఎఫర్ట్స్’, ‘అచీవ్‌మెంట్స్’, ‘కాంట్రిబ్యూషన్’, ‘పెయిన్’ అనే మాటలు ఈ క్రియ పక్కన తరచుగా కూర్చుంటాయి. శ్రమను, విజయాన్ని, పాలుపంచుకున్న తీరును, బాధను తక్కువ చేయడమన్నమాట. తరచుదనం చెప్పవలసి వస్తే ‘వెరీ మచ్’ కాకుండా ‘కాన్‌స్టంట్‌లీ’ వంటి మాట వాడండి. కర్మణిలో ‘ఐ ఫెల్ట్ బిలిటిల్డ్’ అనడం చాలా సహజం. విశేషణంగా ‘ఎ బిలిట్లింగ్ రిమార్క్’ అని వాడవచ్చు. నామవాచకంగా ‘బిలిటిల్‌మెంట్’ ఉన్నది గానీ, అది బరువుగా ఉంటుంది, నేనైతే వాడను.

ఐదవ మెట్టు: ఇరుగుపొరుగు మాటలతో కలిపేయకండి

‘ఇన్సల్ట్’ అంటే నేరుగా అవమానించడం. దానికి ఎత్తి చూపగల మాటో చేష్టో ఉంటుంది, అందుకే మేనేజరు ఆ మాట ఏదని అడిగాడు. ‘హ్యుమిలియేట్’ అంటే సిగ్గుతో తల దించుకునేలా చేయడం, అక్కడ ముఖ్యం బాధితుడికి కలిగిన ఫలితం. ‘అండర్‌ఎస్టిమేట్’లో చిన్నచూపు ఉండనవసరం లేదు. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటడానికి పది నిమిషాలు చాలనుకోవడం అండర్‌ఎస్టిమేట్ చేయడమే, అందులో ఎవరినీ కించపరచలేదు, అంచనా తప్పిందంతే. ‘డౌన్‌ప్లే’ అంటే విషయపు తీవ్రతను తగ్గించి చెప్పడం. తన తప్పును తానే డౌన్‌ప్లే చేసేవారు చాలామంది ఉంటారు గానీ, తన తప్పును బిలిటిల్ చేశాడని అనరు, తప్పుకు పోగొట్టుకోవడానికి విలువ లేదు కదా.

‘డిస్‌పారేజ్’ కొంచెం పెద్ద మాట. పాత ఫ్రెంచిలో, హోదాలో తనకు సమానం కానివారితో పెళ్ళి జరిపించడాన్ని సూచించిన మాట నుంచి ఇది వచ్చింది. వియ్యానికైనా కయ్యానికైనా సమానత ఉండాలనే మన సామెత గుర్తున్నవారికి ఆ అర్థం చప్పున ఎక్కుతుంది. ఇప్పుడు ఇది ఒకరి పేరుకూ సామర్థ్యానికీ మచ్చ తెచ్చేలా మాట్లాడటాన్ని చెబుతుంది. చట్టపు రాతల్లోనూ వ్యాపార ఒప్పందాల్లోనూ ఎక్కువగా కనబడుతుంది. ‘డెనిగ్రేట్’కు లాటిన్ మూలంలో ‘నల్లబరచు’ అని అర్థం. ప్రతిష్ఠ మీద బురద చల్లడమనే భావానికి అది దగ్గర.

ఈ నగరంలో కోడ్ రాసేవారికి అలవాటైన మాట ‘డెప్రికేట్’. ఒక ఫంక్షన్ డెప్రికేటెడ్ అయిందంటే, ఇకమీదట దానిని వాడవద్దని సలహా ఇస్తున్నారని అర్థం. అది ఇంకా పనిచేస్తూనే ఉండవచ్చు. లాటిన్‌లో ఈ మాటకు మూలార్థం ప్రార్థించి దూరంగా ఉంచడం, వద్దనుకోవడం. దానికి ‘సెల్ఫ్’ చేరి ‘సెల్ఫ్ డెప్రికేటింగ్’ అయితే తన మీద తానే జోకులు వేసుకునే స్వభావం. దానిని చాలామంది మెచ్చుకుంటారు. తనను తాను బిలిటిల్ చేసుకోవడాన్ని మాత్రం ఎవరూ మెచ్చుకోరు. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ జస్ట్ ఎ టెస్టర్’ అని మొదలుపెట్టేది ఈ రెండవ కోవలోకి వస్తుంది. ఆ ‘జస్ట్’ను ఎదుటివాడు తీసేయడు, మీరే తీసేయాలి.

మన మర్యాద మాటలను కూడా ఈ లెక్కలో వేయకండి. చుట్టాలు వస్తే పదహారు రకాలు వండి పెట్టి, ‘ఏదో ఉన్నంతలో చేశాం’ అంటారు. అది వినయం, దానికి ‘మాడెస్టీ’ అనే మాట ఉంది. ఆ గృహిణి తన వంటను బిలిటిల్ చేసిందని అనువదిస్తే, ఆమె దగ్గర రెండవసారి భోజనం దొరకదు.

ఆరవ మెట్టు: ఆఫీసు ఉత్తరంలో ఎవరి మీద పెడుతున్నారో చూసుకోండి

‘బిలిటిల్’లో ఆరోపణ ఉంది. ‘యు బిలిటిల్ మీ’ అని రాస్తే, మీరు నన్ను కావాలనే తక్కువ చేస్తున్నారని అన్నట్టు. చదివేవాడు వెంటనే తన ఉద్దేశాన్ని సమర్థించుకోవడం మొదలుపెడతాడు, మీ పని సంగతి పక్కకు పోతుంది. అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. కర్త స్థానంలో మనిషిని కాకుండా ఆ వ్యాఖ్యను పెట్టండి, కర్మ స్థానంలో మిమ్మల్ని కాకుండా మీ పనిని పెట్టండి, అన్న మాటను అన్నట్టే ఉల్లేఖించండి, పని పరిమాణాన్ని అంకెల్లో చెప్పండి. ఇది కొంత పిరికితనంలా కనబడవచ్చునని నాకు తెలుసు. కానీ తగ్గించబడిన వస్తువు ఎంత పెద్దదో చూపించనిదే ఈ క్రియకు బలం రాదు. జెఫర్సన్ కూడా కోపంగా నాలుగు మాటలు రాసి ఊరుకోలేదు, పట్టికలు వేశాడు, దుప్పిని పంపాడు.

మా అమ్మాయి రెండవ మెయిల్ ఇలా తయారైంది: ‘ద రిమార్క్ జస్ట్ టెస్టింగ్ బిలిటిల్డ్ త్రీ వీక్స్ ఆఫ్ వర్క్. ద లిస్ట్ ఆఫ్ డిఫెక్ట్స్ ఈజ్ అటాచ్డ్.’ రెండే వాక్యాలు. వెనక లోపాల జాబితా జతచేసింది. ఈసారి మేనేజరు ఏ తిట్టు అని అడగలేదు, జాబితాలోని మూడవ అంశం గురించి అడిగాడు.

మీరే ఎవరినైనా విమర్శించవలసి వచ్చినప్పుడు ‘ఐ డోంట్ మీన్ టు బిలిటిల్ యువర్ ఎఫర్ట్’ అని ముందుమాట వేసుకోవచ్చు. ‘మీ శ్రమను తక్కువ చేయాలని కాదు గానీ’ అని మనం అన్నట్టే. అయితే దాని వెంటనే ‘బట్’ వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి, ఒక ఉత్తరంలో ఒకసారికి మించి వాడకండి. సాటి ఉద్యోగులతో మాటల్లో ఈ క్రియ కాస్త పుస్తక భాషలా ఉంటుంది. అక్కడ ‘పుట్ డౌన్’ తేలికగా నోరు తిరుగుతుంది, ‘డోంట్ పుట్ మీ డౌన్’ అంటే సరిపోతుంది.

చివరి మెట్టు: మీరే మూడు వాక్యాలు ప్రయత్నించండి

‘మా ఊరి వైద్యుణ్ణి మా వాళ్ళే చులకన చేస్తారు’ అనే వాక్యం తీసుకోండి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత చెప్పేది ఈ స్థితినే. విలువ ఉన్నది వైద్యుడి నేర్పు, తగ్గించినది దగ్గరితనం. ‘అవర్ ఓన్ పీపుల్ బిలిటిల్ అవర్ విలేజ్ డాక్టర్’ అని నిస్సందేహంగా రాయవచ్చు. రెండవది, ‘పరీక్ష ఇంత కష్టమని అనుకోలేదు.’ ఇక్కడ ఎవరూ ఎవరినీ తక్కువ చేయలేదు, కనుక ‘అండర్‌ఎస్టిమేటెడ్’ సరైనది. మూడవది, ‘నేను ఫోను ఎత్తలేదని అత్తయ్య చిన్నబుచ్చుకుంది.’ ఇందులో ‘బిలిటిల్’ రాయాలని చేయి వెళ్తే, మూడవ మెట్టుకు వెళ్ళి బావగారి సంగతి ఇంకొకసారి చదవండి. రాసే ముందు అత్తయ్యకు తిరిగి ఫోను చేయండి.